బెత్తము – అణువ్రతము
(గురుశిష్య ధర్మముపై ఒక స్వాధ్యాయ పాఠము)



ఉపాధ్యాయుని చేతిలో రెండు వస్తువులు ఉన్నవి. ఒకటి విద్య, రెండవది అధికారము. విద్యను గూర్చి మన సంచికలలో ఎన్నో వ్యాసములు వచ్చినవి. అధికారమును గూర్చి మనము తక్కువగా మాట్లాడుకొందుము. హాజరుపట్టీ ఆయన చేతిలో ఉండును. మార్కులు ఆయనవే. ఏ పిల్లవాడు ముందు బల్లపై కూర్చుండవలెనో, ఎవడు గుమ్మము బయట నిలువవలెనో ఆయనయే చెప్పును. తల్లిదండ్రులను పిలిపించి ఆయన చెప్పిన ఒక్క మాటతో ఇంటిలో ఆ పిల్లవాని బ్రతుకు మారిపోవును. పదమూడు మొదలు పదునెనిమిది ఏండ్ల వయస్సు పిల్లలలో కొందరు చదువులో వెనుకబడి, కొందరు ఇంటి బాధలతో నలిగి, కొందరు కోపముతో ఎదురుతిరిగి బడికి వచ్చెదరు. ఇట్టి పిల్లలయెడ ఆ అధికారమును ఎట్లు వాడవలెను? ఇది కేవలము బడి వ్యవహారమని అనుకొనరాదు. మన మొదటి అణువ్రతమైన అహింసకు ఇది నేరుగా సంబంధించిన ప్రశ్న.

1. మన సీమ, మన విద్య

బీదరు సీమలో జైనధర్మము నిన్న మొన్న వచ్చినది కాదు. కమఠాణలో పార్శ్వనాథ స్వామి బసది ఉన్నది. దక్షిణమున మాన్యఖేటము, అనగా నేటి మళఖేడు, రాష్ట్రకూటుల రాజధాని. అక్కడ 9వ శతాబ్దమున ఏలిన అమోఘవర్షుడు జినసేనాచార్యునకు శిష్యుడై నమస్కరించెను. ఆ రాజు కాలముననే మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. తరువాత పావులూరి మల్లన దానిని తెలుగు చేసెను. లెక్కలు తెలుగులో పద్యములుగా నేర్చుకొన్న మన పూర్వులకు ఆ విద్య ఒక జైనాచార్యుని నుండి వచ్చినదే.

జినసేనాచార్యుని చేతిలో బెత్తము లేదు, సైన్యము లేదు. సైన్యము గల రాజే ఆయన పాదములకు వంగెను. గురువునకు గౌరవము విద్యవలన, శీలమువలన వచ్చునని దీనిని బట్టి తెలియుచున్నది. భయమువలన వచ్చునది గౌరవము కాదు, లొంగుబాటు. ఈ రెండింటికిని బయటి రూపము ఒకటే గనుక చాలమంది పొరబడుదురు. తరగతి నిశ్శబ్దముగా ఉన్నంత మాత్రమున అది చదువుచున్నదని చెప్పలేము.

2. బీదరు కోట చెప్పు పాఠము

బీదరు పాతనగరములో మహమూద్ గవాన్ మదర్సా నేటికిని నిలిచి ఉన్నది. గవాన్ పారశీకమునందలి గీలాను ప్రాంతమువాడు. వర్తకుడుగా వచ్చి బహమనీ రాజ్యమునకు ప్రధానమంత్రి అయ్యెను. 1472లో పూర్తియైన ఆ విద్యాలయములో విద్యార్థులకు గదులు, గొప్ప గ్రంథాలయము ఉండెను. దాని ముఖభాగమునందలి నీలిపలకల పనిని చూచుటకు దూరప్రాంతముల నుండి జనులు వచ్చుచుందురు. అయితే ఆ భవనమును కట్టించినవాని అంతమును తలచుకొనువారు తక్కువ.

గవాన్ శత్రువులు ఆయన ముద్రను ఒక ఖాళీ కాగితముపై వేయించి, ఒరిస్సా రాజును రాజ్యముమీదికి రమ్మని పిలిచినట్లుగా దానిపై ఉత్తరము వ్రాసి, సుల్తాను మూడవ మహమ్మదు షాకు చూపిరి. సుల్తాను మద్యపు మత్తులో ఉండెనని చరిత్రకారులు వ్రాసిరి. ముద్ర నాదే గాని వ్రాత నాది కాదని గవాన్ చెప్పినను సుల్తాను వినిపించుకొనలేదు. 1481 ఏప్రిల్‌లో ఆ వృద్ధమంత్రిని చంపించెను. నిజము తరువాత బయటపడినది. సుల్తాను పశ్చాత్తాపముతో కుమిలి మరుసటి సంవత్సరము మరణించెను. అటుపిమ్మట బహమనీ రాజ్యము ముక్కలయ్యెను.

ఇక్కడ లోపించినది ఏమి? ఆరోపణ ఉన్నది, సాక్ష్యము వలె కనబడు కాగితమున్నది, శిక్షయు ఉన్నది. నడుమ ఉండవలసిన విచారణ మాత్రము లేదు. కోపము వచ్చిన మనిషియే తీర్పు చెప్పెను. ఆ తీర్పును తక్షణమే అమలు జరిపించెను.

తరగతి గదిని చూడుడు. ఉపాధ్యాయుడు నల్లబల్లవైపు తిరిగి ఉండగా వెనుకనుండి ఎవరో ఈల వేయుదురు. ఆయన తిరిగి చూచును. నిత్యము అల్లరిచేయు పిల్లవాడే ఆయన కంటికి కనబడును. “నేను కాదు సార్” అని వాడనును. “ఎదురు మాటలాడుచున్నావా?” అని ఆయన అనును. ఈ క్షణములో ఫిర్యాదిదారు, సాక్షి, న్యాయమూర్తి, శిక్ష అమలుపరచువాడు, నలుగురును ఒక్కరే. ప్రపంచములో ఏ న్యాయస్థానమునందును ఒకే మనిషికి ఈ నాలుగు పదవులు ఇయ్యరు. బడిలో మాత్రము ప్రతిదినము ఇచ్చుచున్నాము. ఉపాధ్యాయుడు చెడ్డవాడు కానక్కరలేదు. ఏర్పాటే అట్లున్నది. కావున మంచివానిని గూడ అది తప్పుత్రోవ పట్టించును.

ఆ పిల్లవానికి ఒకనాటికి పడిన దెబ్బకంటె పెద్ద నష్టము మరియొకటి ఉన్నది. చేయని తప్పునకు శిక్ష పడునప్పుడు, తప్పు చేయక ఉండుటవలన లాభమేమి అని వాడు లెక్క వేసికొనును. అటుపిమ్మట వాడు నిజముగనే ఈల వేయును.

3. ఐదు అతిచారములు

మన రెండు సంప్రదాయములవారును శిరసావహించు తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. బంధము, వధము, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము అని వాటి పేర్లు. కట్టివేయుట, కొట్టుట, అవయవములను కోయుట, మోయలేని బరువు మోపుట, కూడు నీరు అందకుండ చేయుట అని వాటి అర్థములు. పశువులు, సేవకులు, ఆశ్రితులు మొదలగువారి విషయమున గృహస్థునికి చెప్పిన హెచ్చరికలివి.

ఈ ఐదింటిలో ఒక సమానధర్మమున్నది. దారిన పోవు బలవంతునిపై ఈ ఐదింటిని మనము చేయలేము. మన చెప్పుచేతలలో ఉన్న ప్రాణిపై మాత్రమే చేయగలము. గృహస్థుని హింస ఎక్కడ పుట్టునో ఆచార్యులు బాగుగా ఎరిగినవారు. అది యుద్ధభూమిలో కంటె పశువులకొట్టములో, వంటయింటిలో, బడిలో పుట్టును. తన అధీనములోని ప్రాణిపై తన అధికారమును ఎట్లు వాడుచున్నాడు అనుటయే శ్రావకునికి నిజమైన పరీక్ష.

ఇప్పుడు బడికి అన్వయించి చూతము.

బంధము: పిల్లవానిని గదిలో పెట్టి గొళ్ళెము వేయుట, గంటలతరబడి బల్లమీద నిలబెట్టుట, అందరు ఆటకు పోవుచుండగా వానిని మాత్రము ఆపివేయుట.

వధము: బెత్తపు దెబ్బ, చెంపదెబ్బ, చెవి మెలిపెట్టుట. మన పాత వీధిబడులలో కోదండము, తొడపాశము అను శిక్షలు ఉండెడివి. పిల్లవానిని త్రాటికి వ్రేలాడవేయుట కోదండము. తొడకండ పట్టి మెలిపెట్టుట తొడపాశము. కోదండము పోయినది గాని గోడకుర్చీ, వందలకొలది గుంజీలు నేటికిని కొన్నిచోట్ల మిగిలి ఉన్నవి.

ఛేదము: శాస్త్రార్థము అవయవచ్ఛేదము. బడిలో అది జరుగదు. కాని జుట్టు పెరిగినదని అందరి ఎదుట కత్తెరతో కత్తిరించుట, తండ్రి వృత్తిని, కులమును, మేనిరంగును, ఇంటి పేదరికమును పట్టి మాటలతో కోయుట, ఇవి ఛేదమునకు దగ్గరి చుట్టములు. పదునాలుగేండ్ల వయస్సులో తోటివారి ఎదుట పోయిన పరువు దెబ్బకంటె ఎక్కువకాలము నొప్పి పెట్టును.

అతిభారారోపణము: ఒకే వాక్యము ఐదువందలసార్లు వ్రాయుమని ఇంపోజిషను వేయుట, తెల్లవారుజామునుండి రాత్రివరకు ఊపిరి తిరుగని తరగతులు, పిల్లవాని శక్తిని చూడక తల్లిదండ్రుల ఆశను వాని తలపై మోపుట. ఈ చివరి అతిచారములో ఉపాధ్యాయునికంటె మన గృహములకే ఎక్కువ భాగమున్నది.

అన్నపాననిరోధము: శిక్షగా మధ్యాహ్న భోజనమునకు ఆలస్యము చేయుట, నీళ్ళు త్రాగుటకు పోనీయకుండుట. మూత్రవిసర్జనకు సెలవు ఇయ్యకుండుటను గూడ ఇందులోనే చేర్చవలెను. సిగ్గుచేత చెప్పుకొనలేని ఆడపిల్లలకు ఇది మరీ బాధ.

4. “కోపము లేక కొట్టినచో?” అను ప్రశ్న

ఇక్కడ ఒక సందేహము కలుగును. హేమచంద్రాచార్యులు యోగశాస్త్రములో ఈ అతిచారములను చెప్పునప్పుడు క్రోధమును కారణముగా చేర్చిరి. కాబట్టి క్రోధము లేక, పిల్లవాని మేలుకొరకు కొట్టినచో దోషము లేదు గదా అని కొందరు పెద్దలు అందురు. “మొక్కై వంగనిది మానై వంగునా” అను సామెతయు వారికి తోడు ఉన్నది. బడిలో చేర్చునాడే “తోలు మీది, ఎముకలు మావి” అని ఉపాధ్యాయునకు చెప్పి వచ్చిన తండ్రులు మన తాతలలో ఎందరో కలరు.

ఈ వాదమును త్రోసివేయక నిదానముగా పరిశీలింతము. దండనము నిర్దోషము కావలెనన్నచో మూడు సంగతులు కుదురవలెను. కొట్టువాని మనస్సులో క్రోధము ఉండరాదు. కొట్టబడినవాడు నిజముగా తప్పుచేసినవాడై ఉండవలెను. కొట్టుటవలన వానికి మేలు కలుగవలెను. మొదటిదానికి సాక్షి ఎవరు? కొట్టువాడే. రెండవదానికి విచారణ చేసినది ఎవరు? కొట్టువాడే. మూడవదానికి ఫలితము చెప్పువాడు ఎవరు? అదియు కొట్టువాడే. క్రోధము వచ్చిన మనిషి తనకు క్రోధము వచ్చినదని ఎన్నడును ఒప్పుకొనడు. “నీ మేలుకే” అని అనును. క్రోధము, మానము, మాయ, లోభము అను నాలుగు కషాయములలో మాయ మూడవది. అది మొదట మోసగించునది తన్నే.

హింసకు మూలము ప్రమాదమని మన సూత్రకారులు చెప్పిరి. ప్రమాదమనగా నేటి వాడుకలోని ఆపద కాదు. కషాయముల వశమై ఒళ్ళు మరచి ఉండుట. నలుబది నిమిషముల గంటలో అరువదిమంది పిల్లల నడుమ, గొంతు ఎండిన ఉపాధ్యాయుడు అప్రమత్తుడై, క్రోధరహితుడై బెత్తమెత్తునని అనుకొనుట మనుష్యస్వభావమును ఎరుగక అనుకొనుటయే. బెత్తమును ఆయన చేతినుండి తీసివేయుట ఆయనకు అవమానము కాదు. ఎవరును గెలువలేని పరీక్షనుండి ఆయనను తప్పించుటయే.

మొక్క సామెతకు సమాధానము తోటమాలిని అడిగినచో చెప్పును. మొక్కను వంచుటకు పుల్ల పాతి మెత్తని నారతో కట్టుదురు గాని, మొక్కను కొట్టరు.

5. గౌతమస్వామి క్షమాపణ

గురువు తప్పు చేసినచో ఏమి చేయవలెను? శిష్యుని ఎదుట ఒప్పుకొన్నచో అధికారము పోవునా? దీనికి ఉపాసకదశాంగ సూత్రము మొదటి అధ్యయనములో సమాధానమున్నది.

వాణిజ్యగ్రామములోని ఆనందుడు గొప్ప శ్రావకుడు. వృద్ధాప్యమున సల్లేఖనా వ్రతములో ఉండగా ఆయనకు అవధిజ్ఞానము కలిగెను. భగవాన్ మహావీరుని ప్రధాన గణధరుడైన ఇంద్రభూతి గౌతముడు ఆయనను చూడ వచ్చెను. ఆనందుడు తన జ్ఞానము ఎంతదూరము ప్రసరించుచున్నదో చెప్పెను. గృహస్థునకు అంతటి జ్ఞానము కలుగదు, నీవు అసత్యము పలికితివి, ప్రాయశ్చిత్తము చేసికొనుమని గౌతముడనెను. నిజము చెప్పినవానికి ప్రాయశ్చిత్తమా అని ఆనందుడు వినయముగా అడిగెను. గౌతముడు సందేహముతో భగవంతుని కడకు పోయి జరిగినది నివేదించెను. ఆనందుడు చెప్పినదే నిజము, నీవే పోయి క్షమాపణ కోరుమని స్వామి ఆజ్ఞాపించెను. పదునలుగురు వేల శ్రమణులకు అగ్రగణ్యుడైన గౌతముడు వెనుకకు నడచిపోయి ఒక గృహస్థుని క్షమాపణ కోరెను.

ఈ కథలో నాలుగు మెట్లు ఉన్నవి. చిన్నవానికి ఎదురు చెప్పుటకు అవకాశము ఉండెను. పెద్దవాడు తీర్పును బలవంతముగా అమలు చేయక పైవారికి నివేదించెను. పైవారు తమవాడని పక్షపాతము చూపలేదు. తప్పు తేలిన వెంటనే పెద్దవాడు స్వయముగా పోయి ఒప్పుకొనెను. ఈ నాలుగు మెట్లు ఉన్న బడి న్యాయమైన బడి. ఇందువలన గౌతమస్వామి గౌరవము తగ్గలేదు. నేటికిని దీపావళినాడు ఆయన నామమును స్మరించి మనము లెక్కల పుస్తకములు ప్రారంభించుచున్నాము.

సంవత్సరీ దినమున మనము “మిచ్ఛామి దుక్కడం” అని చెప్పుకొనునప్పుడు చిన్నలు పెద్దలకు, పెద్దలు చిన్నలకు చెప్పుదురు. ఇంటిలో తండ్రి కుమారునికి చెప్పగలిగినప్పుడు తరగతిలో ఉపాధ్యాయుడు శిష్యునికి ఏల చెప్పరాదు?

6. మొండితనమునకు కారణములు

ఉత్తరాధ్యయన సూత్రము పదునొకండవ అధ్యయనములో విద్య అబ్బకపోవుటకు ఐదు కారణములు చెప్పబడినవి. గర్వము, క్రోధము, ప్రమాదము, రోగము, ఆలస్యము. ఈ పట్టికలో రోగము ఉండుటను గమనింపుడు. మిగిలిన నాలుగింటిని శీలదోషములనవచ్చును గాని రోగము దోషము కాదు. రెండు వేల ఏండ్లకు పూర్వపు సూత్రములోనే చదువు రానివాడెల్ల సోమరి కాడను వివేకము ఇమిడి ఉన్నది.

ఉపాధ్యాయుడు శిక్షించుటకు పూర్వము వైద్యునివలె నిదానము చేయవలెను. వెనుక బల్లమీదివానికి నల్లబల్ల కనబడుచున్నదా? చెవి వినబడుచున్నదా? వాడు ఉదయము ఏమైనా తిని వచ్చినాడా? రాత్రి తండ్రి త్రాగి వచ్చి ఇల్లు గగ్గోలు చేయగా నిద్ర లేక వచ్చినాడా? బడి విడిచిన తరువాత ఏ దుకాణములోనో, హోటలులోనో పని చేయుచున్నాడా? ఆడపిల్ల అయినచో ఇంటిలో పెండ్లిమాటలు మొదలైనవా? అక్షరములు తారుమారుగా కనబడు చదువుబాధ ఉన్నదా?

మన సీమలో మరియొక కారణము గూడ కలదు. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము విభజింపబడినప్పుడు బీదరు జిల్లా మూడు ముక్కలయ్యెను. జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకు, ఉద్గీరు మొదలగునవి బొంబాయి రాష్ట్రమునకు, మిగిలినది మైసూరు రాష్ట్రమునకు పోయెను. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము, బజారులో దక్కనీ ఉర్దూ మాటలాడు పిల్లలు నాడును ఉండిరి, నేడును ఉన్నారు. పరాయిభాషలో అడిగిన ప్రశ్నకు వాడు తల వంచుకొని నిలుచుండును. మాట రానివానిని మొండివాడనుట అన్యాయము.

మాషతుష ముని కథ మనకందరకు తెలిసినదే. ఆయనకు గురువు ఎంత చెప్పినను పాఠము నిలువలేదు. రాగద్వేషములు వలదని బోధించు రెండే మాటలు ఇచ్చి, ఇవి వల్లించుకొనుమని గురువు చెప్పెను. ఆ రెండు మాటలను గూడ ఆయన తప్పుగా పలికెను. తోటివారు నవ్విరి. గురువు మాత్రము వెళ్ళగొట్టలేదు. ఆయన శ్రద్ధ విడువలేదు. పండ్రెండేండ్ల తరువాత కేవలజ్ఞానము పొందెను. మార్కులపట్టీలో అట్టివానికి చోటు ఎక్కడ?

7. ఉపాధ్యాయుని కష్టము

న్యాయము రెండువైపుల ఉండవలెను. ఎదురుతిరుగు శిష్యులవలన గురువులు పడు కష్టమును మన ఆగమములు దాచలేదు. ఉత్తరాధ్యయనము ఇరువది ఏడవ అధ్యయనములో గార్గ్యుడను స్థవిరుడు తన శిష్యులను కాడి విరుచు మొండి ఎద్దులతో పోల్చి దుఃఖించును. చివరకు వారిని కొట్టలేదు, శపింపలేదు. వారిని విడిచి తపస్సునకు పోయెను. నేటి ఉపాధ్యాయునకు ఆ అవకాశము లేదు. ఆయన మరునాడు ఉదయము తిరిగి అదే తరగతికి రావలెను. ఫలితములు తగ్గినచో యాజమాన్యము ఆయననే అడుగును. కొట్టరాదని చెప్పిన పెద్దలు కొట్టక ఎట్లు నడుపవలెనో చెప్పలేదని ఆయన అనుకొన్నచో అందులో సత్యము లేకపోలేదు.

పిల్లవాని ఫిర్యాదును వినవలెనను నియమమే ఉపాధ్యాయునిపై వచ్చు ఫిర్యాదుకును వర్తించును. పిల్లవాడు చెప్పినదని మరునాడే గుంపు కట్టి బడిమీదికి పోవు తల్లిదండ్రులు సుల్తాను మహమ్మదు షా చేసిన పనియే చేయుచున్నారు. అనేకాంతమును జపించు మనము ఒక్కవైపు మాట విని తీర్పు చెప్పరాదు.

8. నేటి చట్టము

2000 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు అక్కడి పాఠశాలా నియమములలో బెత్తపుశిక్షకు వీలిచ్చిన భాగమును కొట్టివేసినది. 2002 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తన విద్యానియమములను మార్చి బడులలో శారీరక దండనమును నిషేధించినది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము (2009) 17వ సెక్షను శారీరక దండనమును, మానసిక వేధింపును దేశమంతట నిషేధించినది. అదే చట్టము ప్రాథమిక విద్య ముగియువరకు, అనగా ఎనిమిదవ తరగతి వరకు, ఏ పిల్లవానిని బడినుండి వెళ్ళగొట్టరాదని చెప్పుచున్నది.

విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల పిల్లలకు సంబంధించినది. తొమ్మిది, పది తరగతులలోని పెద్ద పిల్లలకు రక్షణ లేదా? ఉన్నది. 2015 నాటి బాలల న్యాయ చట్టము పదునెనిమిదేండ్లు నిండని ప్రతివారికిని వర్తించును. తన సంరక్షణలోని బాలునిపై క్రూరముగా ప్రవర్తించుట దాని 75వ సెక్షను క్రింద నేరము. భారతదేశము 1992లో అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పిల్లవానికి తన విషయములో తన మాట చెప్పుకొను హక్కు ఉన్నదని, బడి క్రమశిక్షణ వాని మానవగౌరవమునకు తగినట్లు ఉండవలెనని చెప్పుచున్నది. ఆపదలో ఉన్న పిల్లలకొరకు 1098 అను టెలిఫోను సంఖ్య ఉన్నది. ప్రతి శ్రావకగృహములోని పిల్లలకు ఇది తెలిసి ఉండవలెను.

పెద్దల అధికారము బడిగోడలతో ఆగదని బీదరులోనే ఇటీవల తెలిసినది. 2020 జనవరిలో ఇక్కడి షాహీన్ పాఠశాలలో పిల్లలు పౌరసత్వ చట్టమును గూర్చి ఒక నాటకము ఆడిరి. దానిపై రాజద్రోహపు కేసు పెట్టబడినది. ప్రధానోపాధ్యాయురాలును, ఒక విద్యార్థిని తల్లియు అరెస్టై ఫిబ్రవరిలో బెయిలుపై విడుదలైరి. పోలీసులు పలుమార్లు బడికి వచ్చి చిన్నపిల్లలను ప్రశ్నించిరి. ఆయుధములతో, పోలీసు దుస్తులతో పిల్లలను ప్రశ్నించుట బాలల హక్కులకు భంగమని 2021 ఆగస్టులో కర్ణాటక హైకోర్టు అభిప్రాయపడినది. 2023 జూన్‌లో కేసునే కొట్టివేసినది. నాటకము మంచిచెడ్డలు మన పాఠమునకు అవసరము లేదు. పిల్లవానిని ప్రశ్నించుటకును ఒక మర్యాద ఉన్నదని, భయపెట్టి రాబట్టిన మాట సాక్ష్యము కాజాలదని మాత్రము గ్రహింపవలెను. ప్రధానోపాధ్యాయుని గదిలో జరుగు విచారణకును ఇదే మర్యాద.

9. ఆలోచన, ప్రాయశ్చిత్తము

కొట్టక దిద్దుట ఎట్లు? తత్త్వార్థసూత్రము తొమ్మిదవ అధ్యాయములో ప్రాయశ్చిత్తమునకు తొమ్మిది భేదములు చెప్పబడినవి. వాటిలో మొదటిది ఆలోచన. నేటి తెలుగులో ఆలోచన యనగా తలపోయుట. మన పరిభాషలో శిష్యుడు గురువుకడకు పోయి తన తప్పును దాచక చెప్పుకొనుట. రెండవది ప్రతిక్రమణము. ఆ చేసినది తప్పని ఒప్పుకొని వెనుకకు మరలుట. తరువాతి మెట్లు క్రమముగా బరువెక్కును. సంఘమునుండి కొంతకాలము దూరముగా ఉంచుట, దీక్షను మరల ఇచ్చుట చిట్టచివరివి. తేలికదానితో మొదలుపెట్టి అవసరమైనంతవరకే పోవలెనన్నది ఇందలి క్రమము. చాల బడులలో క్రమము తలక్రిందులై ఉన్నది. దెబ్బ మొదట, టి.సి. తరువాత, మాటలాడుట ఎన్నడును లేదు.

ఆలోచనను వినెడి ఆచార్యునకు ఉండవలసిన గుణములలో అపరిస్రావి యను గుణమును శివార్యుని భగవతీ ఆరాధన పేర్కొన్నది. మంచి కుండ నీటిని కారనీయనట్లు, శిష్యుడు చెప్పుకొన్న మాటను బయటికి పోనీయనివాడు అని భావము. ఉపాధ్యాయుల గదిలో నవ్వులకొరకు పిల్లవాని రహస్యము చెప్పినవానికి మరియొక పిల్లవాడు నోరు విప్పడు. అయితే దీనికి ఒక హద్దు ఉన్నది. తనపై లైంగిక అత్యాచారము జరుగుచున్నదని పిల్లవాడు గాని బాలిక గాని చెప్పినచో 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము దానిని పోలీసులకు తెలుపక తప్పదు. అప్పుడు మౌనము అహింస కాదు, హింసకు సహాయము.

ఆచరణకు ఐదు నియమములు:

ఒకటి – కోపము వచ్చిన గంటలో తీర్పు చెప్పరాదు. మరునాటికి వాయిదా వేయవలెను.

రెండు – పిల్లవాని మాటను ఏకాంతముగా, వానిని కూర్చుండబెట్టి వినవలెను.

మూడు – తప్పు ఉపాధ్యాయునికే తగిలినదైనచో తీర్పును మరియొక ఉపాధ్యాయునికి అప్పగింపవలెను.

నాలుగు – పరిహారము తప్పునకు తగినదై ఉండవలెను. బల్లను చెక్కినవాడు బల్లను నునుపు చేయవలెను. ఒకనిని ఏడిపించినవాడు వానికి మేలు చేయవలెను. పరిహారము ముగిసిన పిమ్మట ఆ తప్పును తిరిగి ఎత్తరాదు.

ఐదు – ఉపాధ్యాయుడు పొరబడినచో తరగతిలో అన్న మాటను తరగతిలోనే వెనుకకు తీసికొనవలెను.

మన సంఘము చేయవలసినదియు ఉన్నది. మనలో పలువురు విద్యాసంస్థలకు విరాళములు ఇచ్చువారు, పాలకవర్గములలో ఉన్నవారు. గదులు కట్టించి శిలాఫలకము వేయించుటతోపాటు, ఆ బడిలో పిల్లల మాట వినుటకు ఒక సలహాదారుని జీతముపై నియమించుట, తరగతిలో పిల్లల సంఖ్య తగ్గించుట, ఉపాధ్యాయునకు సకాలమున జీతమందించుట గూడ జ్ఞానదానమే. చీమను దాటి నడచు మనము, మన విరాళముతో నడచు బడిలో పిల్లవాని వీపుపై వాత తేలుచున్నదా అని విచారింపకుండుట తగదు.

స్వాధ్యాయ మండలిలో చర్చించుటకు ప్రశ్నలు

1. ఐదు అతిచారములలో మన ఇండ్లలో పిల్లలయెడ ఏవి జరుగుచున్నవి?

2. గవాన్ విషయములో సుల్తాను ఏ ప్రశ్నలు అడిగి ఉండవలసినది? ఆ ప్రశ్నలనే బడి విచారణకు అన్వయింపుడు.

3. గౌతమస్వామి క్షమాపణ కోరుటవలన ఆయన అధికారము తగ్గినదా, పెరిగినదా? కారణములు చెప్పుడు.

4. అపరిస్రావి గుణమునకు హద్దు ఎక్కడ?

5. ఎదురుతిరుగు శిష్యుడు ఒకడు, చదువదలచిన శిష్యులు ఏబదిమంది ఉన్న తరగతిలో ఆ ఏబదిమందియెడ ఉపాధ్యాయుని ధర్మము ఏమి? ఈ ప్రశ్నకు సులభమైన సమాధానము లేదు. కావున చర్చకు ఎక్కువ కాలము దీనికే కేటాయింపుడు.

జై జినేంద్ర.